సిపాయి కనపడని సిపాయి సినిమా

సైన్యం మీద తెలుగులో వచ్చిన సినిమాలు తక్కువ. సైన్యాన్ని ముందు పెట్టుకుని నవ్వించడానికి పూనుకున్నవి ఇంకా తక్కువ. అందుకే 2020 సంక్రాంతికి, జనవరి 11న, అనిల్ రావిపూడి తీసిన 'సరిలేరు నీకెవ్వరు' వచ్చినప్పుడు మా వైపు కుర్రవాళ్లు ఎదురుచూసిన తీరు వేరు. పట్నాల్లో మహేష్‌బాబు కోసం చూశారు. పదమూడేళ్ల తర్వాత మళ్లీ తెరమీదికి వచ్చిన విజయశాంతి కోసం చూశారు. మా దగ్గర ఈ రెండూ ఉన్నాయి, మూడోది కూడా ఉంది. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో పొద్దు పొడవకముందే పామాయిల్ తోటల పక్కన తారురోడ్డు మీద పరుగెత్తే పిల్లలున్నారు. పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో దాటాలి, తొమ్మిదడుగుల గుంత దూకాలి, కడ్డీ పట్టుకుని పదిసార్లు పైకి లేవాలి. ఆర్మీ ర్యాలీకి కావలసినవి ఇవి. వీళ్లు ఆ సినిమాలో తమ రేపటి బతుకును చూసుకోవాలనుకున్నారు.

ఇన్నేళ్ల తర్వాత దాన్ని మళ్లీ చూశాం. అప్పుడు నవ్విన చోట్ల కొన్నిటికి ఇప్పుడూ నవ్వొచ్చింది. సినిమా బాగా ఆడింది, డబ్బులు తెచ్చింది. దాని మీద మాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, సైనికుడి పేరు చెప్పి తీసిన ఈ రెండున్నర గంటల పైచిలుకు సినిమాలో సైనికుడి బతుకు నుంచి పుట్టిన నవ్వు ఎంత అని లెక్క వేస్తే చేతికి వచ్చేది చాలా కొంచెం.

కథ చూడండి. కాశ్మీరులో పనిచేసే మేజర్ అజయ్ కృష్ణ. అతని తోటి సైనికుడు, అదే పేరుగల అజయ్, ఒక పోరులో తీవ్రంగా గాయపడతాడు. ఆ కుర్రవాడి తల్లి భారతి కర్నూలులో మెడికల్ కాలేజీ ప్రొఫెసర్. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి దగ్గర పడింది. కొడుకు సంగతి ఆమెకు చెప్పకుండా, పెళ్లికి అండగా నిలబడి రమ్మని మేజరును పంపుతారు. వెంట ప్రసాద్ అనే పెద్దవయసు సైనికుడు, రాజేంద్రప్రసాద్ వేసిన పాత్ర. కర్నూలులో భారతికి నాగేంద్ర అనే రాజకీయ నాయకుడితో ప్రాణాపాయం ఉంది. ఆ వేషం ప్రకాష్‌రాజ్‌ది. మేజరు ఆ కుటుంబాన్ని కాపాడతాడు.

ఇంతకంటే మంచి దారం ఏ కథకుడికి దొరుకుతుంది? గుండెలో ఒక చావు కబురు దాచుకుని పెళ్లింట్లో అడుగుపెట్టిన మనిషి. పసుపు దంచుతున్నారు, చుట్టాలు వస్తున్నారు, కొడుకు ఎప్పుడొస్తాడని తల్లి అడుగుతోంది. ఇక్కడ వచ్చే ప్రతి నవ్వు కింద ఒక ఏడుపు ఆగి ఉంటుంది. మన ఊళ్లలో పెద్దకర్మల దగ్గర ఇది చూస్తూనే ఉంటాం. చచ్చిపోయినవాడి వేషాలు, వాడి తిండి, వాడి మాట చెప్పుకుని నవ్వి నవ్వి, నవ్వు మధ్యలో ఏడుస్తారు. ఆ కలగలుపు రావలసిన సినిమా ఇది.

కానీ సినిమా ఆ ఇంటికి చేరకముందే రైల్లో చిక్కుకుపోయింది. కర్నూలు దాకా వచ్చే రైలు ప్రయాణంలో సంస్కృతి అనే అమ్మాయి, ఆమె అక్కచెల్లెళ్లు, ఊతపదం వదలని తల్లి, బాధలు పడే తండ్రి, ఒక దొంగ. రష్మిక, సంగీత, రావు రమేష్, బండ్ల గణేష్ ఆ వేషాలు వేశారు. అమ్మాయి మేజరు మీద మనసుపడి వెంటపడుతుంది, అతను తప్పించుకోవాలని చూస్తాడు. ఎంతోసేపు సాగే ఈ భాగంలో ఆ మనిషి సైనికుడు కాకపోయినా ఏమీ మారదు. బ్యాంకు గుమస్తాను కూర్చోబెట్టండి, సాఫ్ట్‌వేరు ఉద్యోగిని కూర్చోబెట్టండి, మాటలు ఒక్కటీ మార్చక్కర్లేదు. (ఆడపిల్ల వెంటపడుతుంటే హాస్యమైంది. అదే పని ఆ పెట్టెలో మగవాడు చేస్తే హాల్లో ఎంతమంది నవ్వుతారో ఉపాధ్యాయులు తరగతిలో అడిగి చూడవచ్చు.)

సైనికుడి రైలు ప్రయాణంలో నవ్వుకు తక్కువేమీ లేదు. సెలవు మీద వచ్చేవాడి నల్లపెట్టె, దానిమీద తెల్లరంగుతో రాసిన పేరు, రిజర్వేషను లేక రెండు రాత్రులు తలుపు పక్కన కూర్చుని రావడం, ఊరందరికీ తెస్తానని మాటిచ్చిన సామాన్లు, క్యాంటీను సీసా కోసం స్టేషను దాకా ఎదురొచ్చే బాబాయిలు. మా ప్రాంతానికి దగ్గరి రైలు కొత్తగూడెంలో ఉంది, దాని పేరు భద్రాచలం రోడ్డు. అక్కడ దిగిన భక్తులు భద్రాచలం ఎక్కడని అడిగితే ఇంకా బస్సెక్కాలని చెప్పాలి. సెలవు మీద దిగిన మా పిల్లాడూ బస్సే ఎక్కాలి, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత నడక. కాశ్మీరు నుంచి కొత్తగూడెం రావడం ఒక ఎత్తు, కొత్తగూడెం నుంచి గూడెం చేరడం ఇంకో ఎత్తు అని వాళ్లు చెప్పుకుని నవ్వుతారు.

ఈ దర్శకుడికి చేతకాక అలా చేశాడని అనలేం. 2017లో ఆయనే తీసిన 'రాజా ది గ్రేట్'లో కథానాయకుడికి చూపు లేదు. అక్కడి నవ్వూ, పోరాటమూ ఆ చూపులేనితనం చుట్టూ అల్లుకుని పుట్టాయి. జాలి చూపించకుండా, ఎగతాళి చేయకుండా, ఆ మనిషి బతికే పద్ధతిలోంచే నవ్వు తీశారు. అదే చెయ్యి ఇక్కడ సైనిక దుస్తుల దగ్గరికి వచ్చేసరికి వణికింది. మేజరును నవ్వులపాలు చేయకూడదు, అతనికి తడబాటు ఉండకూడదు, భయం ఉండకూడదు. అతను ముందే పీఠమెక్కి కూర్చున్నాడు. పీఠమెక్కినవాడికి దండ వేయగలం గానీ వాడితో నవ్వలేం.

అందుకని నవ్వించే బరువంతా ప్రసాద్ మీద పడింది. మేజరు కంటే వయసులో పెద్దవాడు, హోదాలో చిన్నవాడు. తిట్లు తినేదీ, ఇరుక్కునేదీ అతనే. రాజేంద్రప్రసాద్ నటుడిగా దాన్ని మోశారు, అది వేరే మాట. కానీ ఏర్పాటు చూడండి: గౌరవం పై అధికారికి, హాస్యం కింది సిపాయికి. మన పిల్లలు సైన్యంలో చేరేది ఏ మెట్టు మీద? మేజరుగా చేరేవాడు మన గూడేల నుంచి ఎంతమంది? వాళ్లు చేరేది సిపాయిలుగా. అంటే ఈ సినిమా వాళ్లకు చూపించిన అద్దంలో ఉన్నది మహేష్‌బాబు కాదు.

పైవాడిని దించి కిందివాడితో కలిసి నవ్విన సినిమా ఒకటుంది, నూరేళ్లు దాటింది. చార్లీ చాప్లిన్ 'షోల్డర్ ఆర్మ్స్' 1918 అక్టోబరులో విడుదలైంది. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా ఆగలేదు, నవంబరు 11న ఆగింది. మనుషులు చస్తున్న రోజుల్లోనే చాప్లిన్ కందకంలో సిపాయి వేషం కట్టాడు. పరేడులో పాదాలు కుదరని సిపాయి. వానకు కందకం నిండిపోతే నీళ్లలోనే పడుకుని గ్రామఫోను గొట్టంతో ఊపిరి పీల్చుకునే సిపాయి. టపా వస్తుంది, అందరికీ ఉత్తరాలు, ఇతనికి లేదు. పక్కవాడి భుజం మీదుగా వాడి ఉత్తరం చదువుతాడు. వాడు నవ్వితే ఇతనూ నవ్వుతాడు, వాడి ముఖం మారితే ఇతని ముఖమూ మారుతుంది. అరనిమిషం కూడా పట్టని ఆ దృశ్యంలో ఇల్లు వదిలిన సిపాయి ఒంటరితనం మొత్తం ఉంది, ఒక్క ఉపన్యాసం లేకుండా. తర్వాత చెట్టు మొద్దు వేషం వేసుకుని శత్రువుల మధ్య తిరుగుతాడు. అడవిలో పుట్టిన పిల్లలకు ఈ దృశ్యం చూపించిన ఉపాధ్యాయుడికి ఇక వివరించే పని ఉండదు. మూకీ సినిమా కాబట్టి ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడూ, లంబాడీ మాట్లాడే పిల్లా, తెలుగు పిల్లా ఒకేసారి నవ్వుతారు. ముప్పావు గంట సినిమా, ఒక పీరియడ్‌లో సరిపోతుంది.

చాప్లిన్ దాకా పోవడమెందుకు, ఆయుధం పట్టినవాణ్ణి చూసి నవ్వడం మనకు ఆచారంగా ఉంది. కోయల భూమి పండుగలో మగవాళ్లు విల్లంబులతో వేటకు పోతారు. ఏమీ కొట్టకుండా ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి పేడనీళ్లు చల్లుతారు, సూటిపోటి మాటలంటారు. పటేలయినా, వడ్డె అయినా తప్పించుకోలేడు. ఆ నవ్వులో కోపం లేదు, అవమానించాలన్న కక్షా లేదు. విల్లు పట్టుకున్నంత మాత్రాన నువ్వు పెద్దవాడివి కావు, ఇంటికి ఏం తెచ్చావో చెప్పు అని అడగడం ఉంది. వీరుణ్ణి ఏడాదికోసారి మామూలు మనిషిని చేసే ఏర్పాటు అది. సైనిక హాస్యం అంటే మేము కోరుకునేది ఇదే. 'సరిలేరు నీకెవ్వరు' పేరులోనే ఆ దారి మూసేసుకుంది. సరిలేనివాణ్ణి చూసి ఎలా నవ్వుతాం?

సినిమా రెండో సగంలో నవ్వు తగ్గి బోధ పెరిగింది. మేము సరిహద్దులో నిలబడి కాపలా కాస్తుంటే మీరు లోపల ఇలా బతుకుతారా అని మేజరు మనుషులను నిలదీస్తాడు. 1993లో 'మేజర్ చంద్రకాంత్'లో ఎన్‌టీఆర్ పాత్ర నుంచి తెలుగు తెర మీది సైనికుడు ఇంటికొచ్చి చేసే పని ఇదే. చివరికి నాగేంద్రకు కూడా సైన్యం బతుకు రుచి చూపించి మార్చేస్తారు. ఊరిని దోచుకున్న మనిషికి న్యాయస్థానం అక్కర్లేకపోయింది, డ్రిల్లు చాలింది. హాస్య సినిమాలో ఇంత పట్టింపు వద్దని ఎవరైనా అనవచ్చు. హాస్యంగా తీసి ఉంటే మేమూ పట్టించుకోం. కానీ ఆ ఘట్టాన్ని సినిమా కన్నీళ్లతో తీసింది.

కృతజ్ఞత చూపించమని అడిగే ఈ మాట మా చెవులకు ఇంకోలా వినిపిస్తుంది. కుక్కునూరు, వేలేరుపాడు 2014 దాకా మా నియోజకవర్గంలోనే ఉన్న మండలాలు. పోలవరం ముంపు కోసం వాటిని ఆంధ్రలో కలిపారు. అక్కడి కోయలకూ కొండరెడ్లకూ ఏళ్ల తరబడి వినిపిస్తున్న మాట త్యాగం. సరిహద్దులో సిపాయి చేసేది త్యాగం, గోదావరి ఒడ్డున గూడెం ఖాళీ చేసేదీ త్యాగమే. మొదటిదానికి తెరమీద చప్పట్లు కొట్టిస్తారు. రెండోదానికి హాస్యమూ లేదు, బోధా లేదు, అసలు తెరే లేదు.

సైన్యమంటే ఎవరో పైనుంచి వచ్చి మనల్ని కాపాడేవాళ్లు, మనం లోపల కూర్చుని తినేవాళ్లం అన్న విభజన కూడా సరికాదు. పరమవీరచక్ర పొందిన లాన్స్‌నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు ఉరావ్ ఆదివాసి. 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరులో ప్రాణమిచ్చాడు. ఉరావ్‌ల కురుఖ్ భాష మన కోయకు, గోండికి దూరపు చుట్టం, అన్నీ ద్రావిడ భాషలే. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

సినిమా వచ్చిన అయిదు నెలలకు, 2020 జూన్ 15 రాత్రి, గల్వాన్ లోయలో ఇరవైమంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బీహార్ రెజిమెంటు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. చనిపోయినవాళ్లలో గణేష్‌రాం కుంజాం అనే సిపాయి ఉన్నాడు, బస్తర్ వైపు కాంకేర్ జిల్లా ఆదివాసి కుర్రవాడు. కుంజా అనే ఇంటిపేరు భద్రాచలం మన్యంలో ఎన్ని గడపల్లో ఉందో మనకు తెలుసు. సినిమా రైల్లో పారేసుకున్న కథ, అంటే తల్లికి కబురు చేరడం, సూర్యాపేటలోనూ కాంకేర్ పల్లెలోనూ నిజంగా జరిగింది. ఇప్పుడు మళ్లీ చూస్తున్నప్పుడు మాకు విజయశాంతి ముఖం ఒక్కటే నిలిచింది. ఆమె కళ్లలో ఆ తల్లి ఉంది. కొడుకు సంగతి తెలిసిన ఘట్టంలో ఆమె చేసిన నటన చూస్తే, ఈ సినిమా ఏమై ఉండవలసిందో అర్థమవుతుంది. దర్శకుడు ఆమెను నమ్మి ఇంకో అరగంట ఆ ఇంట్లోనే ఉండిపోతే బాగుండేది.

ఇక రైలు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లను తీసుకుంటారు, ఆ ఒక్క సంవత్సరానికి ఇరవై మూడు దాకా సడలించారు. నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత నూటికి ఇరవై అయిదుగురిని మించకుండా ఉంచుకుని మిగతావాళ్లను దాదాపు 11.71 లక్షల సేవానిధి ఇచ్చి ఇంటికి పంపుతారు. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషనులో రైలుపెట్టెలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక కుర్రవాడు చనిపోయాడు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది పరుగులో, దూకుడులో నెగ్గి, రాతపరీక్ష కోసం నెలల తరబడి కాచుకున్నవాళ్లు. ఆ పరీక్షే రద్దయింది. రైళ్లు తగలబెట్టడం తప్పని చెబుతూనే ఒక మాట అడుగుతున్నాం: సైన్యం కోసం ప్రాణం పెట్టి పరుగెత్తిన పిల్లలు రైలు పక్కన అలా నిలబడవలసిన రోజు రావడం తెలుగు సినిమా కథకులలో ఎవరినైనా కదిలించిందా? 2020 నాటి రైలు పెట్టెలో మేజరు చుట్టూ నవ్వులాట. 2022లో అదే రైలు చుట్టూ పొగ. రెండోది తెలిసినవాడికి మొదటిదాని మీద మునుపటంత సులువుగా నవ్వు రాదు.

సినిమాలో నల్లమల అడవి కూడా వస్తుంది, పోరాటం కోసం. చెంచుల నేల అది. కథానాయకుడు చెట్ల మధ్య మనుషుల్ని విసిరేస్తాడు, కెమెరా అడవిని అందంగా చూపిస్తుంది. ఆ అడవికి ఇల్లువాకిలి ఉన్న మనిషిగా మాకు గుర్తుండిపోయే పాత్ర ఒక్కటీ లేదు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర కొట్లాటకు మాత్రం ఆ బురుజునే సెట్టు వేసి నిలబెట్టారు. (పేరు విని మా కొండరెడ్ల పిల్లవాడొకడు అది మా తాతలదా అని అడిగాడు. కాదని చెప్పాక, అయితే మాకేం కట్టలేదా అన్నాడు.)

అడవిలోకి యూనిఫాం రావడం మన జ్ఞాపకంలో వేరేగా ఉంది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి వెంట లేచిన మన్యాన్ని అణచడానికి మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక గుత్తికోయలు ఊళ్లకు ఊళ్లు వదిలి మన అడవుల్లోకి వచ్చారు. ఆదివాసి యువకుల చేతికే తుపాకులిచ్చి ఎస్‌పీవోలుగా నిలబెట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2017లో బస్తర్ ఆదివాసి పిల్లలతో సీఆర్‌పీఎఫ్ బస్తరియా బెటాలియన్ ఏర్పడింది. అంటే తుపాకికి అటూ ఇటూ మన పిల్లలే. మా ముసలమ్మలకు ఆర్మీ, సీఆర్‌పీఎఫ్, పోలీసు, ఫారెస్టు గార్డు తేడా తెలియదు. ఖాకీ అయినా పచ్చ అయినా బట్టలు చూడగానే పిల్లల్ని లోపలికి పిలుస్తారు. అదే ముసలమ్మ మనవడు ఆ బట్టలేసుకుని సెలవు మీద ఇంటికొస్తే ఏమవుతుంది? ఆమె ముందు పిల్లల్ని లోపలికి పిలిచి, తర్వాత వాణ్ణి గుర్తుపట్టి తిట్టి, తర్వాత ఇప్పసారా పోస్తుంది. నవ్వు, భయం, ప్రేమ ఒకే గుమ్మంలో నిలబడే ఈ దృశ్యానికి సెట్టు అక్కర్లేదు.

ఇట్లాంటివి సెలవు మీద వచ్చే మన పిల్లల నోట ఎన్నో ఉన్నాయి. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పరేడులో హిందీ. 'పీఛే ముడ్' అనే ఆజ్ఞ విన్న పిల్లలు మొదటిరోజు ఎందుకు నవ్వు ఆపుకోలేరో డ్రిల్లు చేయించిన ప్రతి పంతులుకూ తెలుసు. ఆ నవ్వుకు శిక్షగా మైదానం చుట్టూ ఎన్ని చుట్లు పరుగెత్తారో ఆ పిల్లలకు తెలుసు. జొన్నజావ తాగిన కడుపుకు రొట్టె అలవాటు కావడం, మంచు అనే పదానికి కోయలో మాట వెతుక్కుని ఇంటికి ఫోనులో చెప్పడం, బెటాలియన్‌లో అందరూ 'మద్రాసీ' అని పిలుస్తుంటే మేము మద్రాసు కాదు, ఆంధ్ర కాదు, ఇప్పుడు తెలంగాణ అని, చివరికి కోయ అని నాలుగు మెట్లు దిగి చెప్పుకోవడం. ఉపాధ్యాయులు ఈ పిల్లల్ని ఒక పూట బడికి పిలిచి కూర్చోబెట్టి, వాళ్లు చెప్పేది చెప్పినట్టు, కోయలో చెబితే కోయలోనే, విద్యార్థులతో రాయించాలి. మా తరువాతి పుస్తకానికి అవి పంపితే వేసుకుంటాం.